వెనక వాటాలో వెలిగిన నిప్పురవ్వ

స్టుట్‌గార్ట్ కొండల నడుమ లోయలో ఉన్న ఊరు. స్టేషన్‌లో దిగి ఎటు నడిచినా కాసేపటికి ఎక్కుడు తగులుతుంది. ఇళ్ళ మధ్య నుంచి నిటారుగా పైకి పోయే మెట్లదారులు ఊరంతా కలిపి నాలుగు వందలకు పైగా ఉన్నాయి. ఒకప్పుడు ఈ వాలులన్నీ ద్రాక్షతోటలు. తోటపనివాళ్ళు బుట్టలు మోస్తూ ఎక్కిదిగిన మెట్లే ఇవి. స్టేషన్‌కు దగ్గర్లో కొండ మీద ఇప్పటికీ ద్రాక్ష వరసలు కనిపిస్తాయి. వాటి కిందనే రైలు పట్టాలు, క్రేన్లు, ఆఫీసు భవనాలు.

ఈ ఊరికి వచ్చేవాళ్ళు ఎక్కువగా కార్ల కోసం వస్తారు. ఒక చివర బెంజ్ మ్యూజియం, ఇంకో చివర పోర్షె మ్యూజియం. రెండూ చూడదగినవే. నేను మాత్రం కారు తయారు చేయని మనిషిని వెతుక్కుంటూ వచ్చాను. రాబర్ట్ బాష్ ఆటోమొబైల్ రంగంలో అంత పేరు సంపాదించాడు గాని తన పేరుతో ఒక్క కారు అమ్మలేదు. మాగ్నెటో, స్పార్క్ ప్లగ్, హెడ్‌లైటు, హారన్, వైపరు, డీజిల్ పంపు, ఇలా ఇతరుల బండ్లలోకి వెళ్ళి కూర్చునే వస్తువులే చేశాడు. కారు కొన్నవాడు కారు పేరు చెప్పుకుంటాడు. లోపలి భాగం ఎవరు చేశారన్నది అది పాడైన రోజు గాని అడగడు. అలాంటి తయారీలో జీవితం గడిపిన మనిషి దేన్ని పెట్టుబడిగా నమ్ముకున్నాడో అతని ఊళ్ళోనే తెలుసుకోవాలనిపించింది.

మా పిన్ని కొడుకు ఇక్కడే ఒక విడిభాగాల కంపెనీలో ఇంజనీరు. మొదట రోటెబ్యూల్ వీధికి వెళ్దామంటే, "అన్నయ్యా, అక్కడ చూడటానికేం లేదు, మామూలు బజారు వీధి" అన్నాడు. అయినా తీసుకెళ్ళాడు. ఫోయర్‌జె అనే చెరువు దగ్గర రైలు దిగాం. మంటలార్పడానికి నీళ్ళ కోసం పూర్వం తవ్వించిన చెరువు అది. నీళ్ళ అంచున చర్చి ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో దాని శిఖరం విరిగిపోతే గుర్తుగా అలాగే మొండిగా వదిలేశారు. అక్కడి నుంచి నడిచే దూరమే రోటెబ్యూల్ వీధి. 1886 నవంబరు 15న ఈ వీధిలో 75బి నంబరు ఇంట్లో బాష్ తన వర్క్‌షాపు తెరిచాడు. అది వీధి వైపు కాదు, వెనక వాటా. అప్పటికి ఆయన వయసు 25. తండ్రి ఆస్తిలో వాటాగా వచ్చిన 10,000 మార్కులు చేతిలో ఉన్నాయి. పనికి ఒక మెకానిక్, బయటి పనులకు ఒక కుర్రాడు. బోర్డు మీద సూక్ష్మ యంత్రాలు, విద్యుత్ పరికరాల వర్క్‌షాపు అని రాసుకున్నాడు. వచ్చే పనులు మాత్రం టెలిఫోన్లు బిగించడం, ఇళ్ళకు కరెంటు గంటలు పెట్టడం, ట్యాంకుల్లో నీటిమట్టం చూపే సాధనాలు చేయడం.

ఆ మొదటి ఏళ్ళు గడ్డుగా గడిచాయి. ఊరికి కరెంటు కేంద్రం 1895 దాకా రాలేదు. కరెంటే లేని ఊళ్ళో కరెంటు పనులు ఎన్ని వస్తాయి? 1890ల మొదట్లో అప్పులు ముదిరి పనివాళ్ళలో దాదాపు అందరినీ మాన్పించాల్సి వచ్చింది. తల్లి హామీ ఉండి అప్పు ఇప్పించకపోతే కొట్టు మూతపడేదే. ఇంగ్లండు నుంచి సైకిలు తెప్పించుకుని, ఊరి ఎక్కుళ్ళన్నీ తొక్కుతూ తాను బిగించిన గంటలూ టెలిఫోన్లూ పనిచేస్తున్నాయో లేదో స్వయంగా చూసి వచ్చేవాడు. ఆ ఎక్కుళ్ళు నడిచి చూసిన నాకు ఆ సైకిలు కథ మీద గౌరవం పెరిగింది.

ఇంత శ్రద్ధ ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే ఉల్మ్ దాకా పోవాలి. 2022 డిసెంబరులో తెరిచిన కొత్త లైనులో వేగం రైళ్ళు ముప్పావు గంటలో ఉల్మ్ చేరుస్తాయి. మేం కావాలనే పాత లైను ఎక్కాం. 1850లో పూర్తయిన ఆ దారి గైస్‌లింగెన్ దగ్గర కొండను ఒరుసుకుంటూ పైకెక్కుతుంది. కిటికీలోంచి చూస్తుంటే లోయ మెల్లగా కిందికి దిగిపోతుంది. రైళ్ళు రాకముందు సరుకంతా గుర్రబ్బండ్ల మీదే నడిచేది. ఆ బండివాళ్ళకు అన్నం, పడక, గుర్రాలకు మేత పెట్టే సత్రాలు పెద్ద రహదారుల వెంట ఉండేవి. ఉల్మ్ దగ్గర అల్బెక్ గ్రామంలో ‘కిరీటం’ పేరున్న అలాంటి సత్రంలోనే 1861 సెప్టెంబరు 23న రాబర్ట్ బాష్ పుట్టాడు. పన్నెండు మంది సంతానంలో పదకొండోవాడు. తండ్రి సెర్వాటియస్ భూమీ సత్రమూ ఉన్న రైతు. చుట్టుపక్కల రైతులకన్నా బాగా చదువుకున్నవాడు. రైళ్ళ కాలం వచ్చాక 1869లో సత్రం అమ్మేసి కుటుంబాన్ని ఉల్మ్‌కు తీసుకొచ్చాడు.

అల్బెక్ ఇప్పుడు లాంగెనావ్ పట్టణంలో ఒక భాగం. ఎత్తుపల్లాల పొలాలు, శుభ్రమైన వీధులు, మధ్యాహ్నం వేళ మనుషుల అలికిడి తక్కువ. పుట్టిన ఇంటి కథకన్నా ఈ చుట్టుపక్కల నన్ను ఎక్కువ పట్టుకున్నది మరో విషయం. బాష్ కంపెనీని నిలబెట్టిన ఆవిష్కరణ చేసిన గోట్లోబ్ హోనోల్డ్ కూడా లాంగెనావ్‌వాడే. కుర్రాడిగా ఉన్నప్పుడు బాష్ వర్క్‌షాపులో పని నేర్చుకోవడానికి చేరాడు. తర్వాత స్టుట్‌గార్ట్ సాంకేతిక కళాశాలలో చదువుకుని 1901లో ఇంజనీరుగా తిరిగి వచ్చాడు. పక్క ఊరి పిల్లవాడిని పనిలో పెట్టుకుని, వాడు చదువుకుని వస్తే తనకన్నా తెలివైన పని అప్పగించడం అందరు యజమానులకూ చేతనయ్యే పని కాదు.

బాష్ తన పని నేర్చుకోవడం మాత్రం అంత బాగా సాగలేదు. ఉల్మ్‌లో ఒక మెకానిక్ దగ్గర మూడేళ్ళు శిష్యరికం చేశాడు. గురువు కొట్లో ఉండేది తక్కువ, నేర్పింది అంతకన్నా తక్కువ. ఆ కోపం ఆయనను జీవితాంతం వదల్లేదు. 1913లో తన ఫ్యాక్టరీలో కుర్రాళ్ళకు పని నేర్పడానికి ప్రత్యేకంగా శిక్షణ వర్క్‌షాపు పెట్టించడం వెనక ఆ కోపమే ఉందని నా నమ్మకం. శిష్యరికం ముగిశాక ఊళ్ళు తిరిగాడు. న్యూరెంబర్గ్‌లో షుకర్ట్ కంపెనీలో పనిచేశాడు. స్టుట్‌గార్ట్ కళాశాలలో కొద్దికాలం పాఠాలు విన్నాడు. 1884లో ఓడెక్కి న్యూయార్క్ వెళ్ళి ఎడిసన్ యంత్రశాలలో చేరాడు. అక్కడ ఎనిమిది గంటల పనిదినం అడుగుతున్న నైట్స్ ఆఫ్ లేబర్ కార్మిక సంఘంలో సభ్యుడయ్యాడు. మరుసటి ఏడు లండన్ దగ్గర వూలిచ్‌లో సీమెన్స్ కార్ఖానాలో పనిచేశాడు. రేపటి యజమాని తన యవ్వనాన్ని కూలివాడిగా, సంఘ సభ్యుడిగా గడిపాడు. ఆయన జీవితంలో తర్వాత జరిగిన మంచికీ చిక్కులకూ రెండింటికీ మూలం అక్కడే ఉంది.

ఉల్మ్‌లో చర్చి శిఖరం చూశాం, ఐన్‌స్టీన్ పుట్టిన ఊరని చెప్పే గుర్తు చూశాం, తిరిగి వచ్చేశాం. నా మనసంతా కాన్‌స్టాట్ మీద ఉంది.

బాడ్ కాన్‌స్టాట్ స్టుట్‌గార్ట్‌లోనే నెకర్ నదికి అవతల ఉన్న పేట. పార్కు పక్కన గోట్లీబ్ డైమ్లర్ తోటలో గాజుగది వర్క్‌షాపు ఇప్పటికీ ఉంది. 1882లో ఇల్లు కొని, ఆ తోటగదిని కార్ఖానాగా మార్చుకుని, విల్‌హెల్మ్ మేబాక్‌తో కలిసి అక్కడే వేగంగా తిరిగే చిన్న పెట్రోలు ఇంజను తయారు చేశాడు. గది చిన్నది, ఎండ బాగా పడుతుంది. ఆ ఇంజనులో నేను ప్రత్యేకంగా చూసింది ఒక గొట్టం. పెట్రోలు ఆవిరి అంటుకోవడానికి సిలిండరుకు ఒక సన్నని లోహపు గొట్టం బిగించి, దాన్ని బయట నుంచి బర్నరు మంటతో ఎర్రగా కాల్చి ఉంచేవారు. పక్కన పెట్రోలు, ఇక్కడ ఆరకుండా మండే మంట. గాలి వీస్తే మంట ఆరుతుంది, బండి ఆగుతుంది. బండి బోల్తా కొడితే అంటుకుంటుంది. పైగా మంట ఎప్పుడు అంటుకోవాలో నడిపేవాడి చేతిలో లేదు. ఇంకొందరు బ్యాటరీలు వాడారు. ఆ రోజుల బ్యాటరీ కొద్ది దూరంలోనే ఖాళీ అయ్యేది. ఇంజను పుట్టింది గాని, దాన్ని వెలిగించే నమ్మకమైన నిప్పురవ్వ ఇంకా పుట్టలేదు.

ఆ రవ్వ బాష్ వర్క్‌షాపులో తయారైంది. 1887లో ఒక గిరాకీ వచ్చి, డొయిట్జ్ కంపెనీ కదలని ఇంజనుకు వాడే మాగ్నెటో లాంటిది చేసిపెట్టమని అడిగాడు. అలాంటిది ఒకటి షోర్న్‌డోర్ఫ్‌లో ఉందని తెలిసి బాష్ అక్కడికి వెళ్ళి చూశాడు. షోర్న్‌డోర్ఫ్ డైమ్లర్ పుట్టిన ఊరు. ఆ పరికరానికి పేటెంటు లేదని తెలుసుకుని, లోపాలు సరిదిద్ది తనదైన మాగ్నెటో చేశాడు. సూత్రం సైకిలు డైనమోదే. అయస్కాంతం రెండు ముఖాల మధ్య రాగితీగ చుట్టిన ఇనుప దిమ్మ కదిలితే తీగలో కరెంటు పుడుతుంది. సరిగ్గా ఆ క్షణంలో సిలిండరు లోపల రెండు లోహపు మొనలు విడిపోతే, ఆ సందులో రవ్వ లేస్తుంది. బ్యాటరీ అక్కర్లేదు, బయటి మంట అక్కర్లేదు. ఇంజను తిరిగినంతసేపూ తన నిప్పు తానే పుట్టించుకుంటుంది.

అయితే అది నెమ్మదిగా తిరిగే పెద్ద ఇంజన్లకే సరిపోయేది. 1897లో ఇంగ్లండులో డైమ్లర్ వ్యాపారం చూసే ఫ్రెడెరిక్ సిమ్స్ ఒక డి డియాన్ మూడు చక్రాల బండి పంపి, దీనికి మాగ్నెటో బిగించగలరా అని అడిగాడు. దాని ఇంజను నిమిషానికి 1800 చుట్లు తిరుగుతుంది. బరువైన ఇనుప దిమ్మ అంత వేగంతో ముందుకూ వెనక్కూ ఊగలేదు. ఫ్యాక్టరీ పని చూసే ఆర్నాల్డ్ జేరింగర్ దీనికి సులువైన ఉపాయం కనిపెట్టాడు. బరువైన దిమ్మను కదలకుండా నిలబెట్టి, దాని చుట్టూ తేలికైన లోహపు తొడుగును మాత్రం ఊపాడు. బరువు తగ్గింది, వేగం వచ్చింది. మోటారు బండిలో పనికొచ్చే మాగ్నెటో అలా సాధ్యమైంది.

ఇంకో మెట్టు మిగిలింది. సిలిండరు లోపల ఆ మొనలను కదిలించడానికి కడ్డీలు, మీటలు కావాలి. నిప్పుల్లో పనిచేసే ఆ సన్నని భాగాలు తొందరగా అరిగేవి. 1902లో లాంగెనావ్ కుర్రాడు హోనోల్డ్ ఆ దిమ్మ మీదే రెండు చుట్టలు చుట్టి వేల వోల్టుల ఒత్తిడి పుట్టించాడు. ఆ ఒత్తిడికి రవ్వ కదలని రెండు మొనల మధ్య సందును తనంతట తానే దూకుతుంది. మాగ్నెటోతో పాటు ఆ సందును పట్టి ఉంచే స్పార్క్ ప్లగ్ కూడా కంపెనీ అమ్మకానికి పెట్టింది. సిలిండరు లోపల కదిలే భాగం ఒక్కటి కూడా మిగల్లేదు. మరుసటి ఏడు ఐర్లండులో జరిగిన గోర్డన్ బెనెట్ కార్ల పందెంలో మెర్సిడెస్ నడిపి గెలిచిన ఎర్రగడ్డం జెనాట్జీ బండిలో ఉన్నది బాష్ మాగ్నెటోయే. తర్వాతి కాలంలో కంపెనీ పోస్టర్ల మీద కనిపించిన ఎర్ర సైతాను ఆయన రూపమే. 1906లో లక్షో మాగ్నెటో తయారైంది. బాష్ కంపెనీ గుర్తుగా మనం చూసే వలయం, దానిలోని బొమ్మ 1918లో హోనోల్డ్ గీసినవి. అయస్కాంతం మధ్య తిరిగే ఆ ఇనుప దిమ్మను అడ్డంగా కోస్తే కనిపించే ఆకారం అది.

ఇంతసేపూ మాగ్నెటో వెంట పడ్డాం, ఇక మనిషి సంగతి చెప్పాలి. లక్షో మాగ్నెటో తయారైన ఆ 1906లోనే బాష్ తన ఫ్యాక్టరీలో ఎనిమిది గంటల పనిదినం పెట్టాడు. అప్పట్లో జర్మనీ కార్ఖానాల్లో పది గంటలు మామూలు. ఆయన లెక్క స్పష్టంగా ఉంది. అలసిన చెయ్యి మైక్రాన్ల తేడాలు పట్టలేదు, ఎనిమిది గంటల షిఫ్టులు రెండు నడిపితే యంత్రాలు ఖాళీగా ఉండవు. 1910లో శనివారం మధ్యాహ్నం సెలవు ఇచ్చాడు. గదుల్లో వెలుతురు, గాలి ఉండాలని పట్టుబట్టేవాడు. స్టుట్‌గార్ట్‌లో సోషలిస్టు నాయకుడు కార్ల్ కౌట్‌స్కీ ఒకప్పుడు ఆయన ఉన్న ఇంట్లోనే కాపురం ఉండేవాడు. ఇద్దరూ కబుర్లు చెప్పుకునేవారు. దానితో తోటి యజమానులు ఆయనను ‘ఎర్ర బాష్’ అన్నారు. వస్తువు విషయంలో కూడా ఆయన పట్టుదల అంతే. డబ్బు పోయినా పరవాలేదు, కొన్నవాడి నమ్మకం మాత్రం పోకూడదన్న మాట ఆయన రాసి పెట్టుకున్నాడు. బాష్ గురించి ఈ ఊళ్ళో చెప్పుకునే కథ ఒకటి ఉంది. నేల మీద పడున్న కాగితం క్లిప్పును చూపించి ఇదేమిటని ఒక ఉద్యోగిని అడిగాడట. క్లిప్పండీ అన్నాడట అతను. కాదు, నా డబ్బు అన్నాడట బాష్. మా తమ్ముడు ఇప్పటికీ తమ ఆఫీసులో ఆ కథ చెప్పుకుంటారన్నాడు, అతనిది వేరే కంపెనీ అయినా.

అయినా 1913లో ఆయన ఫ్యాక్టరీలో సమ్మె జరిగింది. అన్ని సౌకర్యాలు ఇచ్చిన తనమీదే సమ్మె చేస్తారా అని బాష్ తీవ్రంగా నొచ్చుకున్నాడు. అంతకుముందు దూరంగా ఉంచిన యజమానుల సంఘంలో చేరాడు. దయతో ఇచ్చేదానికీ హక్కుగా అడిగేదానికీ మధ్య తేడా యువకుడిగా న్యూయార్క్‌లో ఆయనకు బాగా తెలుసు. యజమాని కుర్చీలో కూర్చున్నాక మరిచిపోయాడని నాకనిపించింది. ఆయన మీద నాకున్న గౌరవం దీనితో తగ్గలేదు గాని, ఆ పేజీ దాటవేసి ఆయన కథ చెప్పడం కూడా సరికాదు.

మొదటి ప్రపంచ యుద్ధం ఆయనను లోలోపల కుదిపింది. ఫ్యాక్టరీలో కొంత భాగాన్ని గాయపడ్డ సైనికులకు ఆసుపత్రిగా ఇచ్చాడు. యుద్ధ సామగ్రి ఆర్డర్ల మీద వచ్చిన లాభం తన దగ్గర ఉంచుకోవడం ఇష్టంలేక 1916లో నెకర్ నదిని పడవలు నడిచే కాలువగా మార్చే పనికి 13 మిలియన్ మార్కులు ఇచ్చాడు. స్టుట్‌గార్ట్ రేవు తెరుచుకునేసరికి 1958 అయింది. ఆయన చూడలేదు. అదే యుద్ధంలో అమెరికాలో స్ప్రింగ్‌ఫీల్డ్‌లో కట్టిన ఫ్యాక్టరీ శత్రు ఆస్తిగా జప్తయింది. 1921లో, వారసుడిగా పెంచిన, అప్పటికి ఏకైక కొడుకైన రాబర్ట్ దీర్ఘకాలం నరాల జబ్బుతో బాధపడి చనిపోయాడు. తండ్రికి అప్పుడు దాదాపు అరవై ఏళ్ళు.

సాధారణంగా మనుషులు ఆగిపోయే వయసు అది. బాష్ ఆ తర్వాతే డీజిల్ వైపు కదిలాడు. డీజిల్ ఇంజనుకు రవ్వ అక్కర్లేదు, నొక్కిన గాలి వేడికే నూనె మండుతుంది. ఆ ఇంజను నిలదొక్కుకుంటే తనను ఇంతవాణ్ణి చేసిన మాగ్నెటోకు పని తగ్గుతుందని తెలిసే ఆ దారి పట్టాడు. చిక్కంతా నూనె చిమ్మే పంపులో ఉంది. క్షణంలో వెయ్యో వంతులో, కొద్ది చుక్కల నూనెను, లెక్క తప్పకుండా, ఎంతో ఒత్తిడితో ప్రతి సిలిండరుకూ అందించాలి. బాష్ పంపులో సన్నని ఉక్కు ప్లంజరు గుల్లలో పైకీ కిందికీ కదులుతుంది. దాని ఒంటిమీద ఏటవాలుగా ఒక గాడి కోసి ఉంటుంది. ప్లంజరును కొద్దిగా తిప్పితే ఆ గాడి నూనె దారిని ముందుగానో ఆలస్యంగానో తెరుస్తుంది, దాంతో నూనె కొలత మారుతుంది. ప్లంజరుకూ గుల్లకూ మధ్య సందు కొన్ని మైక్రాన్లు మాత్రమే. ఈ పంపు 1927లో పెద్ద ఎత్తున తయారీకి వచ్చింది. మనకు డీజిల్ లారీ, డీజిల్ ట్రాక్టరు వచ్చిన దారి ఇదే.

ఇక్కడే మన సంగతి కలుస్తుంది. బాష్ సరుకు 1922లోనే కలకత్తాలో అమ్మకానికి వచ్చింది. 1951లో బెంగళూరులో మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ పెట్టారు, ఆడుగోడిలో ఫ్యాక్టరీ. పొడి అక్షరాల్లో మైకో. 2008లో కంపెనీ పేరు బాష్ లిమిటెడ్ అయింది గాని, విజయవాడ ఆటోనగర్ షెడ్లలో పాతతరం మిస్త్రీల నోట అది మైకోయే. లారీ పొగ ఎక్కువగా కక్కితే పంపు విప్పి, ఎలిమెంట్లు మార్చి, టెస్టు బెంచీ మీద గాజుగొట్టాల్లోకి నూనె పడే కొలత చూసి సరిచేసే మెకానిక్కులను చిన్నప్పటి నుంచి చూశాను. ప్లంజరును గుడ్డతో తుడవరు, దూది పోగు చిక్కుకుంటుందని. శుభ్రమైన డీజిల్లో కడిగి, తడిగానే వేళ్ళతో గుల్లలోకి జారవిడుస్తారు. ఏ బడిలోనూ దొరకని ఆ నేర్పు ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి వచ్చింది. తాను ఎన్నడూ చూడని ఊళ్ళల్లో తన కొలతను అంత భక్తిగా కాపాడే చేతులుంటాయని బాష్ ఊహించి ఉండడు.

స్టుట్‌గార్ట్ తూర్పు కొండమీద హైడెహోఫ్ వీధిలో ఆయన ఇల్లుంది. 1910–11లో కట్టించుకున్నాడు. ఇప్పుడు ఆయన పేరిట ఉన్న ఫౌండేషన్ దాన్ని వాడుతోంది. వీధి నిశ్శబ్దంగా, చెట్ల నీడలో ఉంటుంది. బాష్ కంపెనీ వాటాల్లో 90 శాతానికి పైగా ఆ ఫౌండేషన్ చేతిలో ఉన్నాయి. ఓటు హక్కు మాత్రం దాని దగ్గర లేదు, విడిగా ఉన్న ట్రస్టు సంస్థ దగ్గర ఉంది. లాభం ఆసుపత్రికీ చదువులకూ పోవాలి, కంపెనీ మాత్రం ఎవరి చేతుల్లోకీ అమ్ముడుపోకూడదు అన్న ఆయన కోరికను ఇలా అమలు చేశారు. బాష్‌కు హోమియోపతి మీద గట్టి నమ్మకం. 1940లో ఆయన తెరిచిన ఆసుపత్రి ఆ వైద్యం కోసమే. అది ఇప్పుడు ఊరి ఉత్తరాన మరో చోట, అన్ని వైద్యాలూ చేసే పెద్ద ఆసుపత్రిగా నడుస్తోంది.

ఇక్కడికి వచ్చాక నాజీ కాలం గురించి మాట్లాడకుండా ముందుకు కదల్లేం. బాష్‌కు హిట్లర్ అంటే అసహ్యం. జర్మనీ, ఫ్రాన్సు చేతులు కలపాలని ఏళ్ళ తరబడి డబ్బూ మాటా ఖర్చుపెట్టినవాడు. 1937లో నాజీ వ్యతిరేకి కార్ల్ గోర్డెలర్‌ను సలహాదారుగా పెట్టుకుని నీడ ఇచ్చాడు. గోర్డెలర్‌ను 1945 ఫిబ్రవరిలో ఉరితీశారు. బాష్ తర్వాత కంపెనీ నడిపిన హాన్స్ వాల్జ్ యూదులు దేశం దాటడానికి రహస్యంగా సాయం చేశాడు. 1969లో ఇజ్రాయెల్ ఆయనను గౌరవించింది. ఇవన్నీ నిజం. అదే కంపెనీ హిట్లర్ సైన్యానికి పరికరాలు చేసిందన్నదీ నిజం. యుద్ధకాలంలో దాని ఫ్యాక్టరీల్లో దాదాపు 20,000 మంది బలవంతపు కూలీలు పనిచేశారు. వాళ్ళలో నిర్బంధ శిబిరాల ఖైదీలున్నారు, పోలండు ఆడవాళ్ళున్నారు. ఎనిమిది గంటల పనిదినం పెట్టిన పేరు కింద అది జరిగింది. ఆయన 1942 మార్చి 12న కన్నుమూశాడు గనక ఆ పాపంలో చాలా భాగం ఆయన తర్వాతదని చెప్పవచ్చు. నాకు అది చాలినంత జవాబుగా అనిపించలేదు. బలవంతపు కూలీ ఆయన బతికి ఉండగానే మొదలైంది. రహస్యంగా కొందరిని కాపాడిన చేతులే బహిరంగంగా వేలమందిని బెంచీల ముందు నిలబెట్టాయి. రెండు లెక్కలూ ఒకే ఖాతాలో రాయాల్సిందే, ఒకటి చూపి రెండోది కొట్టేయలేం.

ఆయన చనిపోయినప్పుడు నాజీ ప్రభుత్వం అధికార లాంఛనాలతో అంత్యక్రియలు జరిపింది. సమాధి ఊరి దక్షిణాన అడవిలోని శ్మశానంలో ఉంది. అక్కడికి 1929 నాటి కేబుల్ రైలు ఎక్కి వెళ్ళాం. కొండవాలున పట్టాల మీద, పాత చెక్క పెట్టె, నెమ్మదిగా పైకి లాగుతుంది. ఆ శ్మశానంలోనే ఆయన జీవితచరిత్ర రాసిన థియోడోర్ హోయిస్ సమాధి కూడా ఉంది. హోయిస్ తర్వాత పశ్చిమ జర్మనీకి మొదటి అధ్యక్షుడయ్యాడు. ఆ రోజు ఇద్దరి దగ్గరా ఎక్కువసేపు ఆగలేదు. తమ్ముడికి సాయంత్రం షిఫ్టు మీటింగు ఉంది.

అందుకే చివరికి ఫోయర్‌బాఖ్ వెళ్ళింది మర్నాడు. ఊరి ఉత్తరాన 1909–10లో బాష్ కట్టించిన ఫ్యాక్టరీ ఇది. వీధికి రెండు వైపులా భవనాలు, గేటు దగ్గర సైకిళ్ళ వరసలు. తమ్ముడి కంపెనీకి ఈ గేటుతో రోజూ లావాదేవీలుంటాయి. 2025 సెప్టెంబరులో బాష్ తన వాహన విభాగంలో 13,000 ఉద్యోగాలు తగ్గిస్తామని ప్రకటించింది, ఎక్కువ భాగం జర్మనీలోనే. దెబ్బ తగిలే చోట్లలో ఫోయర్‌బాఖ్ ఒకటి. కారణం ఎవరికైనా తెలిసేదే. కరెంటు కారుకు స్పార్క్ ప్లగ్ లేదు, ఇంజెక్షన్ పంపు లేదు. పెట్రోలు కారులో ఉన్న కదిలే భాగాల్లో చాలావాటికి అందులో చోటే లేదు.

"మా దగ్గర కొత్తగా చేరే కుర్రాళ్ళకు ఇప్పుడు పంపు విప్పడం నేర్పడం లేదన్నయ్యా" అన్నాడు తమ్ముడు. "కోడు రాయడం, బ్యాటరీ చల్లబరచడం, ఇవే. యాభై దాటినవాళ్ళ పరిస్థితే కష్టం. ముప్పై ఏళ్ళు మైక్రాన్లు కొలిచినవాడిని సాఫ్ట్‌వేరు నేర్చుకోమంటే ఎలా?"

"మరి యూనియనేమంటోంది?"

"ఎవరినీ బయటికి పంపొద్దు, పని గంటలు తగ్గించి అందరికీ పంచండి అంటోంది. గంటలు తగ్గితే జీతం తగ్గుతుంది. మావాళ్ళు కూడా లెక్కలు వేసుకుంటున్నారు."

ఎనిమిది గంటల షిఫ్టుకు నిర్ణయం జరిగిన కంపెనీలో నూట ఇరవై ఏళ్ళ తర్వాత మళ్ళీ గంటల గురించే బేరం నడుస్తోంది. లాభాలు ఫౌండేషన్‌కు పోయే ఈ సంస్థ, అమ్మేసుకుని వెళ్ళిపోయే యజమాని లేని ఈ సంస్థ, ఈ మార్పును ఇతరులకన్నా మెరుగ్గా దాటగలగాలి. అలా దాటాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. మాగ్నెటో పోతుందని తెలిసీ అరవై ఏళ్ళ వయసులో డీజిల్ పట్టుకున్న మనిషి కట్టిన ఇల్లు కదా ఇది. అప్పుడు ఆయన తన పాత పనివాళ్ళలో ఎందరిని కొత్త పనికి మళ్ళించాడో, ఎందరిని వదులుకున్నాడో ఆ గేటు లోపలి పాత రిజిస్టర్లలో ఉండి ఉంటుంది. తమ్ముడితో అదే అన్నాను. తనకు తెలిసిన ఒక పాత ఉద్యోగిని అడిగి చూస్తానన్నాడు. మధ్యాహ్నం షిఫ్టు మారే వేళయింది. గేటులోంచి బయటికి వచ్చేవాళ్ళలో కొందరు తమ్ముడికి తెలిసినవాళ్ళే. నిలబడి జర్మనులో మాట్లాడుకున్నారు, జీతాల సంగతీ, తగ్గించే గంటల సంగతీ.